గొర్రె తోలు స్టీరింగు

మా ఇలాకాలో కారు కొన్న మొదటి గొర్ల కాపరిని నేనే. ఒక రాజావారి షెడ్డులో పట్టుబట్ట కప్పుకొని నిద్రపోతున్న కారును, మంద మొత్తం అమ్మేసి, స్వయంగా నడుపుకుంటూ ఊరికి తెచ్చాను. పొలిమేరలో జనం దప్పులు కొట్టుకుంటూ ఎదురొచ్చారు.

ఈ మాట నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఒప్పుకోవడం లేదు. అది రాజావారి కారు కాదు. కొత్తకోట దగ్గర రోడ్డు పని చేయించిన ఒక గుత్తేదారు, పని ముగిశాక వెంట తీసుకుపోవడం దండగని వదిలేసిన పాత కారు. ఆరు ఎండాకాలాలు ఆరుబయట నిలబడింది. దాని మీద పట్టుబట్ట లేదు, కోళ్ళు పడుకునేవి. నేను అమ్మింది మందలో సగం, అందులోనూ ముసలివి. ఊరికి దాన్ని రెండు జతల ఎద్దులు లాక్కొచ్చాయి. లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నది మాత్రం నేనే. కానీ ఆ స్టీరింగు సగమే ఉంది. దప్పులు కూడా ఎవరూ కొట్టలేదు. దప్పు కొట్టే ముసలాయన దారి పక్కన నిలబడి చూశాడు, అంతే. ఆయన సంగతి చెప్పాలి. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

సాగరు కట్ట లేస్తున్న రోజులవి. పని కోసం జనం గుంపులుగా హాలియా దారి పట్టేవాళ్ళు. నేనూ పోయి రెండేళ్ళు సిమెంటు లారీ నడిపాను. నడిపానంటే, క్లీనరుగా ఉన్నాను. డ్రైవరు కునుకు తీసేటప్పుడు లారీని నీళ్ళ తొట్టి దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చేవాణ్ణి. నా డ్రైవింగు చదువంతా ఆ నూరు గజాలే.

అలాంటివాడికి కారెందుకంటే, నా భార్య కోసం. మొదటి కాన్పుకు నొప్పులు మొదలైనప్పుడు ఎద్దుల బండి కట్టాం. మా ఊరి నుంచి పెద్ద రోడ్డు ఎనిమిది మైళ్ళు. అక్కడ బస్సు ఎక్కితే గంటన్నరకు పాలమూరు దవాఖాన. ఈ ఎనిమిది మైళ్ళ మధ్యలో ఒక వాగు. ఆ వాగు ఇసుకలో బండి చక్రాలు దిగబడ్డాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో వచ్చాడు. నేను ఎద్దుల ముందు నిలబడి పగ్గాలు లాగుతున్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి అంతా అయిపోయింది. మా అత్త ఆ పిల్లవాణ్ణి కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు మాత్రం వినిపించలేదు.

తల్లి మూడు వారాలు దవాఖానలో పడి ఉండి బతికింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను ఎదుట నిలబెట్టి చెప్పింది. మళ్ళీ కాన్పు వస్తే ఇలాగే అడ్డం తిరగవచ్చు. నొప్పులు తెలిసిన రెండు మూడు గంటల్లో ఈమె నా ముందు ఉండాలి. లేకపోతే ఈసారి నీకు తల్లి కూడా దక్కదు.

రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పింది. పాలమూరులో ఒక గది కిరాయికి తీసుకుని ముందే అక్కడ పెడదామన్నాను. ఆషాఢం దాటందే కడుపుతో ఉన్న మనిషిని ఊరు దాటించేది లేదని మా బాపు భీష్మించుకున్నాడు. తండ్రికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. ధైర్యం లేదు కాబట్టే కారు కొన్నాను.

ఇంజను మంచిదే. హ్యాండిల్ పెట్టి తిప్పితే నాలుగో తిప్పుకు దగ్గుతూ లేచేది. పైన గుడ్డ టాపు, నాలుగు చిరుగులు. అసలు జబ్బంతా స్టీరింగుది. ఎండకు దాని నల్లటి గట్టి రబ్బరు పెళుసుబారి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టి ఒకచోట విరిగింది. నడుమ నుంచి వచ్చే మూడు చేతుల్లో ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టుకుని తిప్పితే చేతిలోని చువ్వ ఒక దిక్కు, కారు ఒక దిక్కు.

మా ఊరి కమ్మరి చువ్వను కొలిమిలో పెట్టి అతికాడు. ఊడిన చేతిని కూడా గుండుసూది దూరనంత గట్టిగా బిగించాడు. అప్పటికి చక్రం చక్రమే అయింది కానీ వేలంత సన్నటి ఇనుము, చెమట పడితే జారుడు. పాత కాలపు బరువు కారు అది. ముందు చక్రాలు తిరగాలంటే రెండు చేతులా పట్టు చిక్కాలి. నేను జనుప తాడు తెచ్చి చుట్టూ బిగించి చుట్టాను. నా భార్య అరుగు మీద కూర్చుని, కడుపు మీద చేతులు పెట్టుకుని చూసింది.

“గా తాడు కారుకా, కవ్వానికా? తిప్పితె వెన్న వస్తదా ఏంది?”

వెన్న రాలేదు, తాడు వచ్చింది. కల్లం చుట్టూ రెండు తిప్పులకే విడిపోయి నా కాళ్ళ చుట్టూ పడింది. ఆమె నవ్వి నవ్వి నడుము పట్టుకుంది. ఆమె నడుము పట్టుకున్నప్పుడల్లా నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టేవాణ్ణి. అప్పటికి ఎనిమిదో నెల నడుస్తోంది.

అప్పుడు నాకు దప్పు ముసలాయన గుర్తొచ్చాడు. చెక్క వలయానికి తోలును అంత బిగువుగా పట్టించేవాడికి ఇనుప వలయం ఒక లెక్కా? కబురు పెడితే వచ్చాడు. ఆ కాలం ప్రకారం ఆయన వాకిట్లో నిలబడ్డాడు, నేను అరుగు మీద కూర్చున్నాను. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పని మొత్తం విడమరిచి చెప్పాడు. ముందు జనుప తాడు అలాగే చుట్టాలి. దాని మీద చింతగింజల పిండి ఉడికించిన జిగురు పూయాలి. సున్నం నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తడిగా ఉన్న పచ్చి తోలును దాని మీద కప్పి పశువు నరంతో పేనిన దారంతో కుట్టాలి. ఆరుతున్న కొద్దీ అదే ముడుచుకుని ఇనుమును పట్టేస్తుంది.

“మ్యాక తోలే గావాలె బిడ్డా. గొర్రె తోలు వద్దు. దాంట్ల కొవ్వుంటది. తడిసిందంటె జారుతది, రెండు పొరలై ఊడొస్తది.”

మా ఇంట్లో గొర్రె తోలుకు కొదువ లేదన్నాను.

“కొదువ లేదనే చెప్తున్న” అన్నాడు ఆయన.

మేక తోలు దొరకలేదు. మా మందలో ఉన్నవి రెండే మేకలు, ఆ రెండూ బాపు మల్లన్నకు మొక్కి వదిలినవి. ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. చుట్టుపక్కల ఏడు ఊళ్ళు తిరిగాను. ఎండలో చెప్పులు అరిగిపోయాయి. చివరికి గత్యంతరం లేక గొర్రె తోలుకు ఒప్పుకున్నాను. ఇది నేను ఇంట్లో చెప్పిన కథ. ప్రస్తుతానికి అలాగే ఉండనివ్వండి.

తోలు నానింది. జిగురు ఉడికింది. నేను దబ్బనం పట్టుకుని కుట్టాను, ఆ కుట్టు చూస్తే పట్నం మిస్త్రీలు సిగ్గుపడాలి. కాదులెండి, నా కుట్టులో వేలు పట్టేంత సందులు. నా భార్య దబ్బనం లాక్కుని, చక్రాన్ని కడుపుకు ఆనించుకుని, లోపలి బిడ్డ తన్నినప్పుడు ఒక్కో క్షణం ఆగుతూ, పొద్దంతా కూర్చుని తనే కుట్టింది. ఒక్కో కుట్టుకు ఎంత బలంగా లాగిందంటే ఆ నరం దారం వేళ్ళను కోసి గీతలు పడ్డాయి.

ఆరబెట్టడం ఇంకో యుద్ధం. తోలు వాసనకు ఊరి కుక్కలన్నీ మా వాకిట్లో కొలువు తీరాయి. చక్రాన్ని దూలానికి వేలాడదీసి, నాలుగు రోజులు కర్ర పట్టుకుని దాని కిందే కాపలా కూర్చున్నాను. అయిదో నాటికి అది ఇనుమును కరిచి పట్టుకుంది. గోటితో కొడితే టంగుమంది. కారుకు బిగించి కల్లం చుట్టూ పది తిప్పులు తిప్పాను. నా మాట విన్నది. ఆ రోజు నేను తిన్నంత జొన్నరొట్టె నా జన్మలో తినలేదు.

నొప్పులు అనుకున్న దానికంటే పదిహేను రోజుల ముందే వచ్చాయి. తెల్లవారి పాలు పిండే వేళ. ఆషాఢం ఇంకా అయిపోలేదు. అయినా బాపు తలపాగా విప్పి కారు వెనక సీటులో పరిచి పక్కకు జరిగాడు. మా అత్త పాతబట్టల మూట, వాము, వెల్లుల్లి, బూడిద కప్పిన నిప్పుల కుంపటి తీసుకుని కూతురు పక్కన ఎక్కింది. కాన్పు మనిషితో నిప్పు ఉండాలని ఆమె పట్టు. కారులో నిప్పేమిటని నేను విసుక్కున్నాను. ఆమె వినిపించుకోలేదు.

ఊరు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో వాన మొదలైంది. వాగు దగ్గరికి వచ్చేసరికి మడమల లోతు నీళ్ళు పారుతున్నాయి. నా భార్య అప్పటిదాకా పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. వాగు కనబడగానే ముందుకు వంగి నా భుజం పట్టుకుంది.

“వాగుల మాత్రం ఆపకు.”

ఆపలేదు. కళ్ళు మూసుకుని దాటించాను. కళ్ళు మూసుకోవడం మాట కోసం రాసింది కాదు, నిజంగానే మూసుకున్నాను. అవతలి ఒడ్డు ఎక్కాక తెరిచాను.

ఆ ఒడ్డు మీదే మొదటిసారి అనుమానం వచ్చింది. టాపు చిరుగుల్లోంచి కారే నీళ్ళు సరిగ్గా స్టీరింగు మీద పడుతున్నాయి. చేతి కింద తోలు మెత్తబడింది. మైలు దూరం పోయాక వేళ్ళకు జిగట తగిలింది. దారి ఎడమకు తిరిగేచోట నేను చక్రాన్ని తిప్పాను. తోలు తిరిగింది. ఇనుము తిరగలేదు. కారు నేరుగా పోయి ఆముదం చేనులో దిగి నిలబడింది.

నేను దిగి వానలో కారు చుట్టూ తిరిగాను. తిరగడం తప్ప ఏమీ తోచలేదు. తోలు కోసి పారేద్దామంటే దాని కింద జనుప తాడు కూడా జిగురు కరిగి పాయసంలా ఉంది. ఎద్దుల కోసం ఊళ్ళోకి పరుగెత్తితే పోను గంట, రాను గంట. ఆమెను ఎత్తుకుని నడుద్దామనుకున్నాను. ఇంకా నాలుగు మైళ్ళు. లోపల నుంచి ఆమె అరుపు వినిపించింది. మొదటి కాన్పప్పుడు ఎద్దుల బండిలో అరిచిన అరుపే అది. నేను బానెట్ మీద తల పెట్టి ఏడ్చాను. ఎవరికీ చెప్పని ముక్క ఇది.

మా అత్త తలుపు తీసి నా చొక్కా పట్టి లాగింది.

“దప్పు మెత్తబడితె ఏం జేస్తరు అల్లుడా? మంట కాడ కాపుతరు. గా చక్రం ఊడదీయ్. నా కుంపట్ల నిప్పుంది.”

చేను గట్టు మీద కావలి గుడిసె ఉంది. ఆమె కుంపటి మోసింది, నేను పానా పెట్టి చక్రం ఊడదీసి వెంట పరుగెత్తాను. గుడిసె కప్పులోంచి ఎండు గడ్డి దూసి నిప్పు మీద వేస్తే మంట లేచింది. చక్రాన్ని ఆ మంట మీద మెల్లగా తిప్పుతూ కాపాం. మొదట పొగ, తర్వాత వెంట్రుకలు కాలిన కంపు, తర్వాత తోలు చిటపటమంటూ బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. అంతసేపూ కారులో ఆమె ఒక్కతే ఉంది. మా అత్త మధ్యమధ్య గుడిసె గుమ్మంలోకి వచ్చి, వస్తున్నాం బిడ్డా అని కేకేసేది. కారులోంచి జవాబు వచ్చినంతసేపూ నాకు ఊపిరి ఆడేది.

మళ్ళీ బిగించాం. వాన సన్నబడింది. మా అత్త వెనక నుంచి లేచి నిలబడి, స్టీరింగు మీద చుక్క పడకుండా తన గొంగడిని నా తల మీదుగా పట్టుకుంది. కారు చేనులోంచి బయటపడి కదిలింది. నాలుగు మైళ్ళు తోలు పట్టు వదలలేదు. పెద్ద రోడ్డు వెంబడి చింతచెట్లు కనబడినప్పుడు నేను గట్టిగా మల్లన్నను తలుచుకున్నాను.

పెద్ద రోడ్డు ఎక్కగానే పాలమూరు వైపు తిరగాలి. ఇక్కడి నుంచి జరిగింది ఊళ్ళో అందరికీ తెలుసు. బస్సు వస్తుండడం చూసి, నేను క్షణంలో బుర్ర వాడి, కారును రోడ్డుకు అడ్డంగా పెట్టి బస్సును ఆపేశాను. ఎంత తెలివి అని మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ కాదనలేదు.

నేను బస్సును చూడనే లేదు. తిప్పాను, అంతే. కాలి పెళుసుబారిన గొర్రె తోలు కుట్టు దగ్గర పగిలి, ముసలాయన చెప్పినట్టే రెండు పొరలై, పై పొర మొత్తం నా రెండు చేతుల్లోకి ఊడొచ్చింది. కారు రోడ్డుకు అడ్డంగా దూసుకుపోయి, ముందు చక్రాలు అవతలి గుంతలోకి దిగి ఆగిపోయింది. తోలు ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. అప్పుడు వెనక నుంచి బ్రేకుల చప్పుడు వినిపించింది.

బస్సు డ్రైవరు దిగుతూనే మొదలుపెట్టాడు. “రోడ్డు నీ తాత జాగీరా బే? తియ్ పక్కకు.” అంటూ వచ్చి కారులోకి చూశాడు. మాట మార్చడానికి అతనికి ఒక్క క్షణం పట్టలేదు. బస్సు వైపు తిరిగి అరిచాడు. “అమ్మను ఎక్కియ్యుండ్రి. పాలమూరు దాక ఏడ ఆపను. నడుమల దిగేటోళ్ళుంటె ఇప్పుడే దిగుండ్రి.”

కారును గుంతలోంచి వెనక్కి లాగి, బస్సు పట్టేంత జాగా చేశారు ప్రయాణికులు. ఆడవాళ్ళు నా భార్యను ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టారు. దిగేవాళ్ళు దిగి వానలో నిలబడ్డారు. నేను ఎక్కబోతే కండక్టరు వద్దన్నాడు. కారు ఇంకా సగం రోడ్డు మీదే ఉంది, వెనక లారీలు ఆగి ఉన్నాయి, తీసి రమ్మన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. వెళుతుంటే కిటికీలోంచి ఆమె చెయ్యి ఒక్కటే కనిపించింది.

కారును చింతచెట్టు కిందికి తోయించి, ఎవరూ ఎత్తుకుపోకుండా స్టీరింగు ఊడదీసుకుని, తరువాతి బస్సు కోసం నిలబడ్డాను. అది మధ్యాహ్నం దాటాక గానీ రాలేదు. పాలమూరులో దిగేసరికి పొద్దు వాలుతోంది. దవాఖాన దాకా పరుగెత్తాను. వెనక నాలుగు కుక్కలు. వాటికి నా బాధ తెలియదు, నా చేతిలోని తోలు తెలుసు.

గేటు దగ్గర ముసలి చప్రాసి ఆపాడు. చేతిలో ఏమిటన్నాడు. స్టీరింగు అన్నాను. కారేదీ అన్నాడు. కొత్తకోట దగ్గర ఉందన్నాను. నన్ను పిచ్చివాడి కింద జమకట్టి, ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళు పోవద్దని నీళ్ళ పంపు దగ్గర కూర్చోబెట్టాడు. లోపల ఎవరు బతికి ఉన్నారో అడిగాను. తనకు తెలియదన్నాడు.

ఆ పంపు పక్కన కూర్చున్నంతసేపు నాకు ఒకే ఒక్క వస్తువు కళ్ళ ముందు ఆడింది. మేక తోలు. ఏడు ఊళ్ళు తిరిగానని రాశాను కదా. ఒక్క ఊరు కూడా తిరగలేదు. ఆ రోజు వాకిట్లో నిలబడి ముసలాయన ఇంకో మాట కూడా అన్నాడు. దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

“నా ఇంట్ల ఒక తోలు ఉన్నది. గీకి ఆరబెట్టిన. అచ్చి తీస్కపో.”

ఆయన వాడకు పోవాలి. ఆయన ఇంట్లో చెయ్యి చాచి అడగాలి. ఆయన కుటుంబం ముట్టిన తోలును నేను రోజూ పట్టుకోవాలి. చూద్దాంలే అన్నాను. చూడలేదు. ఆ తోలు మా ఇంటికి మూడు వందల అడుగుల దూరంలో ఒక గూటానికి వేలాడుతూ ఉంది. నా భార్య వేళ్ళు కోసుకుంటూ గొర్రె తోలు కుడుతున్నప్పుడు కూడా అక్కడే వేలాడుతోంది. లోపల ఆమె పోతే, చంపింది వాన కాదు, వాగు కాదు, బాపు పట్టిన ఆషాఢం కూడా కాదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో ముసలాయన ఎవరికీ చెప్పడు, ఎందుకంటే ఆయన మాట ఎవరూ అడగరు.

దీపాలు పెట్టే వేళకు మా అత్త బయటికి వచ్చింది. ఆమె ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. ఆమె ముక్కు మూసుకుంది.

“గా పీడ చక్రం ఆడ పెట్టి చేతులు కడుక్కో. ఆడపిల్ల. కాళ్ళతోనే అచ్చింది, గని ఏడ్సింది. గా కంపుతోటి ఎత్తుకుంటె బెదురుతది.”

తల్లి సంగతి అడగడానికి నోరు తెరిచాను. ఆమెకే అర్థమైంది. “మాట్లాడుతాంది. నీ కారు ఏమైందని అడుగుతాంది.”

పంపు కింద చేతులు ఎంతసేపు కడిగానో. వాసన పోలేదు.

తల్లీబిడ్డలు ఇంటికి వచ్చాక, మరునాడే చక్రం చంకన పెట్టుకుని ముసలాయన ఇంటికి పోయాను. పగలే పోయాను, అందరూ చూస్తుండగా. ఆయన చక్రాన్ని తిప్పి, కాలిన పొరలు గోటితో గీకి, వాసన చూశాడు. నేను చెప్పలేదా అనలేదు. ఎవరు పుట్టారని అడిగాడు. చెప్పాను. తల్లి బాగుందా అన్నాడు. బాగుందన్నాను. చెయ్యెత్తి గూటానికి ఉన్న మేక తోలు దించాడు.

“నానాలె. రెండు దినాలు వడ్తది.”

“ఈడనే కూసుంట తాతా” అన్నాను.

రెండు రోజులూ ఆ గడప లోపలే కూర్చున్నానని రాయబోయాను. కూర్చున్నది ఒక పూట. వాళ్ళ ఇంట్లో అడిగి మరీ నీళ్ళు తాగానని కూడా రాయబోయాను. నేను అడగలేదు. ఆయన కోడలు తనంతట తనే చెంబు తెచ్చి నా ముందు పెట్టి పోయింది. చాలాసేపు అది అలాగే ఉంది. ఆయన తోలును తొట్టిలో ముంచి, మీద రాయి పెట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చి చెంబు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

అప్పుడు తాగాను.